పెంచలమ్మ మజిలీలు

ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఎంత దూరమని మనిషిని అడిగితే కిలోమీటర్లు చెబుతాడు. బస్సులో కూర్చున్నవాణ్ణి అడిగితే గంటలు చెబుతాడు. పులికాట్ సరస్సుకి వచ్చే చారతల బాతుల్ని అడిగితే ఆ రెండూ చెప్పవు. మజిలీలు చెబుతాయి. ఒక్కొక్క మజిలీ పేరు, అక్కడ ఏం తినాలి, ఎవరికి భయపడాలి, ఏ పక్క పడుకోవాలి, అన్నీ చెప్పందే వదలవు. వినే ఓపిక ఉంటేనే వాటిని దారి అడగాలి.

ఈ బాతులు మంచుకొండల అవతల పుడతాయి. నెత్తిన రెండు నల్లచారలు, పొడుగు మెడ, నడకలో కాస్త దర్జా. కార్తీకంలో మా తట్టు దిగుతాయి. కోసేసిన వరిమళ్ళలో పచ్చిక మేస్తాయి. ఫాల్గుణంలో దక్షిణపు గాలి తిరగ్గానే లేచిపోతాయి. పుట్టింది ఎక్కడైతేనేం, మా నీళ్ళు తాగినవాటికి మా పేర్లే పెట్టుకుంటాం. అందుకని ఆ గుంపులో పెద్దదాని పేరు పెంచలమ్మ.

పెంచలమ్మకి ఎడమరెక్క చివర ఈకలు తెల్లబడ్డాయి. కళ్ళు మాత్రం ఇంకా చురుకే. పెనిమిటి పోలయ్యతో కలిసి ఆ దారిన ఎన్నిసార్లు పోయిందో, ఎన్నిసార్లు వచ్చిందో ఆమెకే గుర్తులేదు. గుర్తున్నవి మజిలీలు. వాళ్ళలో ఒక ఆచారం ఉంది. బయల్దేరే రోజులు దగ్గరపడితే, పొద్దువాలే వేళ గుంపంతా సరస్సు నడిమి దిబ్బ మీద గుండ్రంగా కూర్చుని మజిలీలు అప్పజెప్పాలి. పెద్దలు ఒక పేరు చెబితే చిన్నవాళ్ళు తర్వాతి పేరు అందుకోవాలి. తప్పినవాడికి ముక్కుతో ఒక మొట్టికాయ. పోలయ్య మొట్టికాయలు మరీ గట్టిగా ఉండేవి, ఆయన గొంతు కూడా.

పోయిన ఫాల్గుణంలో, ఇంటికి పోయే దారిలో, చింతల మడుగు అనే మజిలీలో పోలయ్య నీళ్ళ ఒడ్డున కూర్చుండిపోయాడు. "మీరు పదండి. నేను గాలి చూసుకుని వస్తా" అన్నాడు. గుంపు ఒకరి కోసం ఆగకూడదు, అదీ ఆచారమే. పెంచలమ్మ మెడ వెనక్కి తిప్పి చూసుకుంటూనే ఎగిరింది. పోలయ్య రాలేదు. ఇటు వచ్చేటప్పుడు బాతులది తూర్పుదారి, ఆ మడుగు తగలదు. ఫాల్గుణంలో పోయేటప్పుడే తగులుతుంది, అదీ నీళ్ళున్నంత వరకే. చైత్రం ముదిరితే మడుగు ఎండుతుంది. ఎండినచోట బాతులు దిగవు. అందుకని ఈ ఏడు పెంచలమ్మకి ఉన్న కోరిక ఒక్కటే, నీళ్ళు ఇంకకముందే చింతల మడుగులో దిగాలి.

ఈ సంగతి ఆమె చెప్పుకున్నది ఒక్క కర్రెమ్మకే. కర్రెమ్మ ఒడ్డున మేసే ముసలి బర్రె. ఇద్దరూ వదినా అంటే వదినా అని పిలుచుకుంటారు. ఎవరి అన్నని ఎవరు చేసుకున్నారని అడగబాకండి, అట్టా కుదిరింది.

"ఇంకో ఏడు పోలేవా వదినా? ఈ ఏడు ఈడనే ఉండిపోరాదా?" అంది కర్రెమ్మ నెమరేస్తూ.

"ఇంకో ఏడు రెక్క లేవదు వదినా. నాకు తెలుస్తా ఉంది."

"ఆయన ఆడ ఉంటాడనేనా?"

"ఉండడు. నాకు ఆ మాత్రం తెలీదా. ఆయన కూర్చున్న చోట ఒకసారి కూర్చోవాల, అంతే."

 కర్రెమ్మ దవడ ఆడించడం ఆపింది.

ఇక నక్క సంగతి. నక్క లేకుండా మా కథలు నడవవు కదా. దాని పేరు జంబులయ్య. ఈ సరస్సు నక్క కాదు, కొండతట్టు నుంచి కొత్తగా దిగింది. పెద్దరోడ్డు మీద ఒక టీ బంకు ఉంది, దాని వెనక పారేసిన బన్నుముక్కలు తిని, లారీ డ్రైవర్ల మాటలు విని, సగం కడుపు, నిండా తెలివి సంపాదించుకుంది. బాతుల్ని చూసి దాని నోరు ఊరింది. పగలు మళ్ళలో పట్టుకుందామంటే ఎప్పుడూ ఒక బాతు మెడ ఎత్తి కాపలా కాస్తుంది. పొద్దుగూకితే దిబ్బ మీదికి పోతాయి, చుట్టూ నీళ్ళు. అయితే జంబులయ్య ఒకటి గమనించాడు. ఎండలు ముదిరేకొద్దీ సరస్సు నీళ్ళు వెనక్కి పోతున్నాయి. ఇంకొన్నాళ్ళకి పడమటి పక్క ఇసుక తేలి, దిబ్బకి కాలిదారి పడుతుంది. అప్పటిదాకా ఈ బాతులు లేచిపోకుండా ఉంటే చాలు.

గుంపుకి ఈ ఏడు కొత్త పెద్ద చెంగయ్య, పెంచలమ్మ కొడుకు. జంబులయ్య వరసలు కలపడంలో ఘనుడు. పెంచలమ్మని అక్కా అన్నాడు, చెంగయ్యని అల్లుడూ అన్నాడు. నక్క వినయాలని ఊరికే అన్నారా.

ఒకరోజు మళ్ళ గట్టున, కాపలా బాతుకి అందనంత దూరంలో మర్యాదగా కూర్చుని అడిగాడు. "మాపటేళ దిబ్బ మీద ఏందో చదువుతా ఉంటారు, ఏంది అల్లుడూ అది?"

"మజిలీలు మామా. మా ఊరికి దారి."

"ఎన్నాళ్ళ దారి?"

"గాలిని బట్టి. ఇంచుమించు రెండు నెలలు."

జంబులయ్య నవ్వలేదు. నవ్వితే కోపమొస్తుందని తెలుసు. జాలిపడ్డాడు. "రెండు నెలలా? ఆ మాట టీ బంకు కాడ అనబాకు, పరువు పోతాది. రోజూ పొద్దున మన నెత్తిమీద పోతా ఉంటాది చూడు, ఇనుప పక్షి. అది మద్రాసులో లేస్తే ఢిల్లీలో దిగేదానికి మూడు గంటలు కూడా పట్టదంట. లారీ డ్రైవరు చెప్పినాడు, ఆయన బామ్మర్ది ఎక్కినాడంట. మీ ఊరు ఢిల్లీకి యాడ?"

"ఢిల్లీ దాటి, కొండలు దాటి."

"ఇంకో గంట వేసుకో. నాలుగు గంటలు."

"అది వేరు మామా, మేము వేరు."

"వేరే గదా నేను చెప్పేది. దాని రెక్క ఆడదు, చాపింది చాపినట్టే ఉంటాది. నువ్వు ఆడిస్తావు. రెక్క ఆడించేవాడు బిరబిరా పోతాడా, ఆడించనోడు పోతాడా?"

చెంగయ్య ఆలోచించాడు. జవాబు తట్టలేదు. జవాబు తట్టనప్పుడు ఎదుటివాడిదే నిజమనుకోవడం పడుచుతనంలో ఉన్న జబ్బు.

"నాలుగు గంటల దారికి రెండు నెలల తొందరేంది?" అన్నాడు జంబులయ్య లేస్తూ. "శెనక్కాయ చేలు ఇప్పుడే పచ్చగా ఉండాయి. కడుపునిండా తినండి. వైశాఖంలో ఒకపూట లేస్తే మాపటికి మీ ఊళ్ళో ఉంటారు. నా మాట కాదు, లోకం మాట."

ఆ సాయంత్రం మజిలీలు అప్పజెప్పే వేళకి పెంచలమ్మ మొదలుపెట్టింది. "తామరకుంట. ఆడ నీళ్ళు తీపి, ఒడ్డున కుక్కలుంటాయి, నడిమధ్యనే దిగాల. తర్వాత?"

ఎవరూ అందుకోలేదు.

"తర్వాత అక్కర్లేదమ్మా. ఈ ఏడు మజిలీలు లేవు. ఒకటే ఎగురు, నాలుగు గంటలు" అన్నాడు చెంగయ్య.

పెంచలమ్మ కొడుకుని పైనుంచి కిందికి చూసింది. "ఎవురు చెప్పినారు?"

"జంబులయ్య మామ."

"నక్క చెప్పిందా, ఎగిరేదాన్ని గురించి?"

కొందరు నవ్వారు. చెంగయ్యకి మండింది. నలుగురిలో తల్లి నవ్వులపాలు చేస్తే ఏ కొడుక్కి మండదు. "ఇనుప పక్షి పోలేదా మూడు గంటల్లో? నువ్వూ చూస్తావుండావు గదా రోజూ" అన్నాడు.

"చూస్తా ఉండా. దానికి ఆకలేస్తాదా? దప్పికేస్తాదా? ముందుపోయేవాడు అలిసిపోతే ఎనకవాడు ముందుకొచ్చేది దాంట్లో ఉందా? దాని గుంపులో పిల్లలుండారా, ముసలమ్మ ఉందా? ఉంటే చెప్పు, దాని లెక్క నేనూ వింటా."

"నీకు పాతవే గొప్ప" అన్నాడు చెంగయ్య, మెడ రెక్కలో పెట్టేసుకుని.

దూరపు కొండలు నునుపని సామెత. అందులో పడుచువాళ్ళకి నాలుగు గంటలు అనే మాట రెండు నెలలు అనే మాటకంటే ఎప్పుడూ తీపిగానే ఉంటుంది. గుంపు చెంగయ్య వైపే మొగ్గింది. పెంచలమ్మ ఒక్కతే మజిలీలు చెప్పుకుంది. తామరకుంట. ఎర్రమట్టి ఏరు. ఏనుగురాళ్ళ చెరువు. చింతల మడుగు అనేసరికి అక్కడితో ఆపేసి పడుకుంది.

ఫాల్గుణం సగం పోయింది. దక్షిణపు గాలి ఒకసారి బాగా లేచింది, సరస్సు మీద అలలన్నీ ఉత్తరానికి తిరిగాయి. గాలి ఉన్నప్పుడే తూర్పారబట్టుకోవాలంటారు. ఆ గాలికి పెంచలమ్మ రెక్కలు వాటంతట అవే సగం విచ్చుకున్నాయి. చుట్టూ చూస్తే గుంపంతా శెనక్కాయ చేలో ఉంది. ఒక్కతే లేస్తే పొద్దుగూకేలోగా అలిసి ఎక్కడో పడిపోతుంది, ముందు ఎవరో గాలి చీల్చాలి కదా. రెక్కలు ముడుచుకుని ఏడ్చింది. గాలి రెండు రోజులు వీచి పడిపోయింది.

చైత్రం వచ్చింది. బాతులు కొవ్వెక్కాయి. కర్రెమ్మ ఒకరోజు నీళ్ళకొచ్చి, పెంచలమ్మ పక్కనే నిలబడింది.

"వదినా, ఆ కొండ నక్క రోజూ తెల్లారగట్ల వస్తా ఉండాడు. నీళ్ళలో కాలు పెడతాడు, దిబ్బ తట్టు చూస్తాడు, పోతాడు. ఒక్క గుటక తాగడు. మొన్న ఒడ్డునే మోకాటిదాకా ఉండేవి, ఈ పొద్దు మడమ దాకా వచ్చినాయి, నడిమధ్యనే ఇంకా లోతు."

పెంచలమ్మ మెడ ఎత్తింది. "ఏ పక్క పెడతాడు?"

"పడమటి ఇసుక పక్క. ఇంకో నాలుగైదు రోజుల్లో తేలిపోతాది ఆ ఇసుక."

"ఉత్తరం పక్క?"

"ఆ పక్క ముందే ఎండింది, తెల్లగా ఉప్పు పెచ్చు కట్టింది. చూసేదానికి సిమెంటు గచ్చు మాదిరి ఉంటాది, కింద అంతా నల్లరొంపి. పోయిన ఏడు నా దూడ దిగబడితే జాలర్లు మోకులేసి లాగినారు, నీకు తెలుసు గదా. వాడికి తెలీదు పాపం, కొండవాడు."

"తెలీదా?" అంది పెంచలమ్మ. అని ఆ తెల్లటి పెచ్చు తట్టు తిరిగి కూర్చుంది. కర్రెమ్మకి ఆ కూర్చోవడం కొత్త కాదు. వదినకి ఏదో తట్టిందని మెల్లిగా పక్కకి తప్పుకుంది.

పెంచలమ్మ కొడుకు దగ్గరికి పోయింది. నక్క నీళ్ళు కొలుస్తోందని చెప్పింది. చెంగయ్య నమ్మలేదు. "మామకి మనమంటే ప్రేమమ్మా" అన్నాడు.

"సరే నాయనా, ప్రేమే అనుకుందాం. నీకు చేతులెత్తి మొక్కేదానికి నాకు చేతుల్లేవు. ఒక్కటి అడుగుతా. రేపు పొద్దున మేతకి పోయినట్టు అందరూ లేవండి. తాటితోపు మీద ఒక చుట్టు తిరిగి వెనక్కి రండి. వచ్చేటప్పుడు కిందికి చూడు. అంతకంటే ఏం వద్దు."

తల్లి అంత చిన్న కోరిక కోరితే కాదనడానికి చెంగయ్యకీ నోరు రాలేదు.

తెల్లవారింది. గుంపు కలకలలాడుతూ లేచి తాటితోపు వైపు పోయింది. పెంచలమ్మ ఒక్కతే దిబ్బ మీద ఉత్తరపు అంచున, ఎడమరెక్క నేలమీద వేలాడేసుకుని కూర్చుంది. జంబులయ్య ఎప్పటిలాగే వచ్చాడు. పడమటి నీళ్ళలో కాలు పెట్టబోతూ ఆమెని చూశాడు.

"ఏందక్కా, ఒక్కదానివే ఉండావు?"

"రెక్క పోయింది తమ్ముడూ. నిన్న గుంటలో పడినా. వాళ్ళు ఈ పొద్దు మాపటికే లేచిపోతా ఉండారు. నువ్వు చెప్పిన నాలుగు గంటల దారి గదా, ముసలిదాన్ని ఎవురు మోస్తారు."

జంబులయ్య లెక్క వేసుకున్నాడు. ఇన్నాళ్ళు కాపు కాస్తే మాపటికే లేచిపోవడమేంటి. ఇసుక తేలడానికి ఇంకా నాలుగు రోజులుంది. గుంపంతా పోతే పోయింది, కనీసం ఈ ముసలిదైనా దక్కాలి. కొవ్వు బాగానే ఉన్నట్టుంది.

"అయ్యో అక్కా, నీ కష్టం చూడలేను. నేనొచ్చి తోడుంటా. కానీ నీళ్ళుండాయి గదా."

"ఆ పక్కెందుకు, ఈ పక్క ఎండిపోయింది చూడు. తెల్లగా గచ్చు మాదిరి ఉంది. నీకు దూరాలు బాగా తెలుసు గదా, ఎంతుంటాది తమ్ముడూ ఆడినుంచి ఈడికి?"

దూరం అడిగితే జంబులయ్య ఆగలేడు. ఉత్తరం ఒడ్డుకి వచ్చి, ఛాతీ విరుచుకుని ఒక కన్ను మూసి చూశాడు. "పదంగలు. గట్టిగా దూకితే అంతకూడా లేదు."

"మజిలీ ఏమన్నా వేసుకోవాలా మధ్యలో?"

"పదంగలకి మజిలీ ఏందక్కా, నవ్వుతారు."

అని దూకాడు. ఒక అంగ, రెండంగలు, పెచ్చు మోసింది. మూడో అంగకి జంబులయ్య నోరు తెరిచాడు, తోడుండటానికి కాదని ఆ పళ్ళు చూస్తే తెలుస్తోంది. సరిగ్గా అప్పుడే తాటితోపు మీదినుంచి గుంపు తిరిగొచ్చింది. పైనుంచి చెంగయ్య చూశాడు, మామ కోరలు, ఆ కోరల ఎదురుగా కదలకుండా కూర్చున్న అమ్మ. రెక్కలు ముడిచి రాయిలాగా కిందికి దిగాడు.

దిగే అవసరం లేకపోయింది. నాలుగో అంగకి పెచ్చు పగిలింది. జంబులయ్య పొట్టదాకా నల్లరొంపిలో దిగబడ్డాడు. ముందుకాళ్ళు ఆడించాడు, ఇంకాస్త దిగాడు. వెనక్కాళ్ళు ఆడించాడు, తోక కూడా దిగింది.

పెంచలమ్మ వేలాడే రెక్క ముడుచుకుంది, అది బాగానే ఉంది. "రా తమ్ముడూ. ఇంకా ఆరంగలే."

"అక్కా, కాలు రావడంలేదే."

"అవునా? మరి ఇనుప పక్షికి కాలుతో పన్లేదే. దాని లెక్కలో రా."

"తప్పయిపోయిందక్కా. తోబుట్టువు అనుకుని లాగు."

"తోబుట్టువునే గదా తినేదానికి వచ్చినావు" అంది పెంచలమ్మ. ఆ మాటలో కోపం కంటే అలసట ఎక్కువుంది. "రొంపి ఎంత లోతో కర్రెమ్మకి తెలుసు, ఆమె దూడ దిగింది కాబట్టి. నేను ఆమెని అడిగినా. నువ్వు ఎవురినీ అడగలా. ఊరికే ఉండు, కాళ్ళు ఆడించబాకు. మాపటికి సముద్రం పోటొస్తాది, రొంపి పలచబడితే నువ్వే తేలతావు."

ఒడ్డున కర్రెమ్మ ఇదంతా చూస్తూ గడ్డి మేయడం మర్చిపోయింది.  ఎండ్రకాయలు ఒకటొకటిగా బయటికొచ్చి తోక ఎక్కడుందా అని వెతకడం మొదలుపెట్టాయి.

చెంగయ్య తల్లి ముందు నిలబడ్డాడు. ముక్కుతో దిబ్బ మీద మట్టి గీరాడు.

"మజిలీలు పాతవని కాదమ్మా" అన్నాడు చివరికి. "తామరకుంట, ఎర్రమట్టి ఏరు అని నువ్వు చెబుతా ఉంటే నాలుగోది వస్తాదని నాకు భయం. నాయన్ని నేను ఆడ వదిలేసి వచ్చినా. ఆ పేరు లేని దారి ఏదన్నా ఉంటే బాగుండని మామ చెప్పింది నమ్మినా."

పెంచలమ్మకి కొడుకు మీద ఉన్న కోపమంతా ఆ మాటతో కరిగిపోయింది. మెడతో వాడి మెడ రాసింది. "వదిలేసిందేంది నాయనా. గుంపుని తీసుకొచ్చినావు. ఆయన చెప్పిందే చేసినావు."

ఆ మధ్యాహ్నం దక్షిణం నుంచి గాలి లేచింది. ముందరిసారి వచ్చినంత బలం లేదు, కానీ గాలే. ఆలస్యం అమృతం విషమని ఇక ఎవరూ ఎవరికీ చెప్పనక్కరలేకపోయింది. పొద్దువాలే వేళ గుంపు దిబ్బ మీద గుండ్రంగా కూర్చుంది. చెంగయ్యే మొదలుపెట్టాడు, తామరకుంట అని. చింతల మడుగు దగ్గరికి వచ్చేసరికి గుంపంతా ఒక్క గొంతుతో ఆ పేరు చెప్పింది, వాడికి తోడుగా.

లేచేముందు పెంచలమ్మ ఒడ్డుకి పోయింది. కర్రెమ్మ మెడ దించి ముట్టెతో ఆమె వీపు తడిమింది.

"కార్తీకానికి వస్తావా వదినా?"

"గాలిని బట్టి వదినా."

కర్రెమ్మకి అర్థమైంది. అర్థమైనట్టు చూపించుకోలేదు, అంతే. గుంపు చాలా ఎత్తుకి పోయేదాకా తల ఎత్తే ఉంది.

ఆలస్యమైన దారి కష్టంగానే ఉంది. తామరకుంటలో తామరాకులు ఎండి చుట్టుకుపోయాయి. ఎర్రమట్టి ఏరు పాయలుగా చీలింది, దేంట్లో నీళ్ళున్నాయో పెంచలమ్మకి ఒక్కదానికే తెలుసు. ఏనుగురాళ్ళ చెరువు ఒడ్డంతా మేడలు లేచాయి. చెరువు సగానికి వచ్చింది, ఏనుగుల్లాగా ఉండే ఆ నల్లరాళ్ళు ఒక్కటీ కనబడలేదు. "మీ నాయన నన్ను మొదట చూసింది ఆ రాళ్ళ మీదే" అంది పెంచలమ్మ, మేడల చుట్టూ ఒకసారి తిరిగి. వాళ్ళు అలా తిరుగుతుంటే ఇనుప పక్షి ఒకటి మబ్బుల మీద గీత గీసుకుంటూ పోయింది.

చెంగయ్య దాన్ని చూసి అన్నాడు, "నిజంగానే తొందరగా పోతాదమ్మా అది."

"పోతాది నాయనా, అది అబద్ధమని నేనెప్పుడన్నా. కానీ మూడు గంటల్లో పోయేవాడికి దారిలో గుర్తుపెట్టుకునేదానికి ఏముంటాది."

చింతల మడుగు చేరేసరికి పొద్దువాలుతోంది. మడుగు ఎండిపోయిందేమోనని పెంచలమ్మ కళ్ళు మూసుకునే దిగింది. కాళ్ళకి చల్లగా తగిలింది. నీళ్ళున్నాయి, ఒక కళ్ళం అంత. చుట్టూ ఎండిన బురద, చింతచెట్ల నీడ, అంతే. పోలయ్య లేడు. ఆమె అనుకున్నట్టే లేడు, అయినా ఒకసారి చుట్టూ చూసింది. ఆయన కూర్చున్న ఒడ్డు దగ్గరికి మెల్లిగా నడిచిపోయి, అదే చోట, అదే తట్టు తిరిగి కూర్చుంది. ఏడాదిగా ఎక్కడా కుదురుగా ఆనని ఒళ్ళు అక్కడ ఆనింది.

తెల్లారి గాలి లేచింది. గుంపు లేవడానికి సిద్ధమైంది. పెంచలమ్మ లేవలేదు.

"అమ్మా" అన్నాడు చెంగయ్య.

"మీరు పదండి. నేను గాలి చూసుకుని వస్తా."

 చెంగయ్యకి ఆగాలని ఉంది, ఆగకూడదని తెలుసు. "తర్వాత మజిలీ ఏంది?" అని పెంచలమ్మే అడిగింది.

"రెండు ఏర్ల కూడలి. ఆడ ఇసుక మెత్తగా ఉంటాది, తెల్లారేలోపే లేవాల."

"ఆ తర్వాత?"

వాడు చెబుతూ పోయాడు. కొండల నడుమ గాలిసందు దాకా, మంచుకొండల అవతలి నీళ్ళ దాకా, ఒక్కటి కూడా తప్పలేదు. చివరి పేరు చెప్పాక పెంచలమ్మ వాడి నెత్తిమీద ముక్కుతో ఒక మొట్టికాయ వేసింది.

"తప్పు చెప్పలేదు గదమ్మా?"

"మీ నాయన తరఫున" అంది.

కార్తీకం వచ్చింది. బాతులు మా తట్టు దిగాయి. కర్రెమ్మ ఒడ్డున నిలబడి ఒక్కొక్క మెడనీ చూసుకుంది. అన్ని మెడలూ చూశాక చెంగయ్య ఆమె దగ్గరికి వచ్చాడు.

"యాడిదాకా వచ్చింది నాయనా మా వదిన?"

"నాలుగో మజిలీ దాకా అత్తా. దాన్ని ఇప్పుడు మేము అమ్మానాయనల మడుగు అంటా ఉండాం."

కర్రెమ్మ ఆ పేరు రెండుసార్లు పలికి చూసుకుంది. బాగుందన్నట్టు తలాడించింది. ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి, బర్రె కళ్ళు ఎప్పుడూ తడిగానే ఉంటాయి కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు.

ఇక జంబులయ్య. ఆ రోజు పోటు వచ్చాక తేలి, ఈడ్చుకుంటూ ఒడ్డున పడ్డాడు. తోక వెంట్రుకలు సగం ఎండ్రకాయల పాలయ్యాయి. టీ బంకు దగ్గర ఇప్పుడు ఎవరు ఏ ఊరు ఎన్ని గంటలని చెప్పుకున్నా చెవులు వాల్చేసుకుంటాడు. మొన్నొకరోజు కొత్తగా వచ్చిన కుర్రనక్క ఒకటి దిబ్బ మీది బాతుల్ని చూసి లొట్టలేస్తూ అడిగింది, "ఆడికి ఎంత దూరం తాతా?"

జంబులయ్య బోడితోక ఒళ్ళోకి లాక్కుని, తెల్లగా మెరిసే ఉప్పు పెచ్చుని చాలాసేపు చూశాడు.

"చూసేదానికి పదంగలు నాయనా. పోయేదానికి నక్కకీ నాకలోకానికీ ఉన్నంత."

దూరాన్ని కంటితో కొలిచినవాడు రొంపిలో దిగుతాడు, మజిలీలతో కొలిచినవాడు ఇల్లు చేరతాడు.